నీలం పైపు మూసిన చెయ్యి

"నిప్పు లేనిదే పొగ రాదు వదినా" అన్నాడు ఇన్‌స్పెక్టర్, నేలమాళిగ మెట్లు దిగుతూ.

"ఈ మిషన్‌లో నిప్పూ లేదు, పొగా లేదు అబ్బాయ్. దీని గొప్పంతా అదే కదా" అన్నాను.

ఇన్‌స్పెక్టర్ మా ఆయన తమ్ముడు. ఆదివారం మా ఇంట్లో కడుపునిండా భోంచేసి, సోమవారం నా కేసులకు అడ్డం పడడం అతని అలవాటు. ప్రైవేటు డిటెక్టివ్ అంటే తప్పిపోయిన కుక్కల్ని వెతికిపెట్టే మనిషని అతని అభిప్రాయం. అతనికి ఆ అభిప్రాయం పోయేలా నేను తేల్చిన కేసులు కొన్ని ఉన్నాయి. పోయిందని అతను ఒప్పుకున్న కేసు మాత్రం ఇంకా రాలేదు.

జరిగింది ఇదీ. కీళ్ళ నొప్పుల వాళ్ళకీ, ఎముకల ఆపరేషన్లయిన వాళ్ళకీ గోరువెచ్చటి నీళ్ళలో వ్యాయామం చేయించే చికిత్సాలయం ఇది. పైన కొలను, కింద నేలమాళిగలో నడవాకి అటొకటి ఇటొకటి రెండు గదులు, ఒక్కో గదిలో, బావి నీళ్ళ సాయంతో కొలనుని వేడి చేసే ఒక్కో హీట్ పంప్. నిన్న పొద్దున్న ఒకటో గదిలో ఆపరేటర్ నేల మీద పడి ఉన్నాడు. ఊడ్చే ఆవిడ తలుపు సందులోంచి అతని కాళ్ళు చూసింది. రోజూ తుడవబోయే ముందు వేసినట్టే బయటి ఫ్యాను స్విచ్ వేసి, కేక పెట్టింది. ఆ అలవాటే అతని ప్రాణం నిలబెట్టిందని డాక్టర్లు అంటున్నారు. నిలబడిన ప్రాణం ఇంకా కళ్ళు తెరవలేదు.

ఆ ఆపరేటర్ కొత్తవాడు. అంతకు ముందు ఈ రెండు మిషన్లనీ బిగించినవాడూ, నడిపినవాడూ వేరే ఉన్నాడు. అందరూ అతన్ని డబ్బా ఫిట్టర్ అంటారు. పనిలో లోటు లేదు గానీ సొంత డబ్బా ఆపడు. "నేను లేకపోతే ఈ కొలనులో కప్పలు కూడా ఈదవు" అని రోగుల ముందు అన్నందుకు చికిత్సాలయం నడిపే డాక్టరమ్మ నెల కిందట పనిలోంచి తీసేసింది. మొన్న సాయంత్రం పనిముట్ల సంచీ కోసమని వచ్చి, పోతూ పోతూ "చూస్తూ ఉండండి, నన్ను పిలవకపోతే అడగండి" అని పదిమందిలో అని మరీ వెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే మిషన్ పగిలింది, మనిషి పడ్డాడు. ఇక మా మరిది ఊరుకుంటాడా.

ఈ రోజు పొద్దున్న ఫిట్టర్ అక్క మా ఇంటికి వచ్చింది. "వాడు నోటితో కోటలు కడతాడమ్మా, చేత్తో చీమను కూడా చంపడు. సాయంత్రం కోర్టుకు తీసుకెళ్తారట. ఆసుపత్రిలో ఉన్న అబ్బాయికి ఏమైనా అయితే హత్య కేసు అవుతుందట" అంది. ఏడవలేదు. ఏడిస్తే తట్టుకునేదాన్నేమో. చేతిసంచీని ఒళ్ళో పెట్టుకుని దాని పట్టీని మెలితిప్పుతూ కూర్చుంది. నేను చెప్పులేసుకున్నాను.

ఒకటో గది తలుపు పక్కన, బయట గోడకి రెండు స్విచ్‌లున్నాయి. ఒకటి ఫ్యానుది, రెండోది మిషన్‌ని మొత్తంగా ఆపే మెయిన్ స్విచ్. పైన రాసి ఉంది: ముందు ఫ్యాను, తర్వాత మనిషి. ఫ్యాను నిన్నటి నుంచి తిరుగుతూనే ఉంది. లోపలికి వెళ్ళాం.

బీరువా అంత మిషన్, తలుపులు తీసి ఉంది. గోడలోంచి రెండు లావుపాటి పైపులు వచ్చి దాని కడుపులోకి పోతున్నాయి. ఒకదానికి ఎర్రరంగు, ఒకదానికి నీలం. రెండింటికీ చక్రాల్లాంటి వాల్వులు. నీలం వాల్వు బిగించి మూసి ఉంది. లోపల పలకలు పేర్చిన ఇనపపెట్టె ఒక అంచున చీలిపోయింది. చీలిక వేలు పట్టేంత లేదు. అంత చిన్న చీలిక నిండు మనిషిని పడగొట్టిందంటే నాకు భయంకన్నా ముందు కుతూహలం కలిగింది. దేవుడు నన్ను అలా పుట్టించాడు.

"చూడండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్. మిషన్ పక్కనున్న చిన్న డబ్బా మూత తీసి చూపించాడు. లోపల రెండు మరల మధ్య వంకరగా ఒక తీగముక్క. "నీళ్ళు ఆగిపోతే మిషన్‌ని ఆపే కాపలా స్విచ్ ఇది. తీగ కట్టి దాని నోరు మూశారు. తర్వాత వాల్వు మూశారు. ఒకటి కాదు, రెండు పనులు. రెండూ తెలిసిన పనులే. ఇంతకంటే ఏం కావాలి?"

"ఫిట్టర్ ఇక్కణ్ణుంచి వెళ్ళింది ఎప్పుడు?"

"మొన్న సాయంత్రం ఐదుకి."

"కొలను చివరిసారి వేడెక్కింది ఎప్పుడు?"

"రాత్రి తొమ్మిదింటి దాకా మిషన్ నడిచింది. అంటే వాల్వు ఆ తర్వాత మూశారు. తెలుసు వదినా. దొంగతాళం ఉంటుంది అతని దగ్గర."

"దొరికిందా?"

"దొరుకుతుంది."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. చిన్నప్పటి నుంచీ అంతే. మా పెళ్ళిలో దొంగిలించిన చెప్పులు తను తియ్యలేదని, కాళ్ళకి అవే వేసుకుని వాదించాడు.

"ఫిట్టర్‌ని తీసుకురా. నాలుగు మాటలు అడుగుతాను."

"తెచ్చాను. జీపులో ఉన్నాడు. నాకూ అతనితో పనుంది ఇక్కడ" అన్నాడు.

ఫిట్టర్ చేతులకి బేడీలతో మెట్లు దిగాడు. నలభై దాటిన మనిషి, రాత్రంతా నిద్ర లేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అయినా మిషన్ కనబడగానే మెడ నిటారుగా లేచింది. పగిలిన పెట్టె దగ్గరికి వెళ్ళి, బేడీలతోనే రెండు చేతులూ ఎత్తి చీలికను తడిమాడు.

"ఈ గోడల్ని అడగండమ్మా, నా గురించి చెప్తాయి. ఇలాంటివి ఇంకెవరూ బిగించలేరు" అన్నాడు.

"గోడల సాక్ష్యం కోర్టులో చెల్లదు. నన్ను చిన్నపిల్లననుకుని చెప్పండి. చన్నీళ్ళ బావి పెట్టుకుని కొలను ఎలా వేడి చేస్తారు?"

అతని మొహంలో నిద్ర ఎగిరిపోయింది. "మీ ఇంట్లో ఫ్రిజ్ వెనక ఎప్పుడైనా చెయ్యి పెట్టారా? వెచ్చగా ఉంటుంది. లోపల పెట్టినవాటిలోంచి లాగిన వేడే అది. ఇక్కడ ఫ్రిజ్‌లో పెట్టింది బావిని. పైన చలి కొరికేస్తున్నా భూమి లోపలి నీళ్ళు ఒకేలా ఉంటాయి. ఆ నీళ్ళలో ఉన్న కాస్త వేడిని ఇది పిండుకుని కొలనుకి ఇస్తుంది. వేడి పోయిన నీళ్ళు రెండో బావిలోకి తిరిగి పోతాయి. ఒక చుక్క వృథా కాదు."

"వచ్చే నీళ్ళు ఏ పైపులో?"

"రండి, చేత్తో చూద్దురుగాని" అని ఎదురుగా ఉన్న రెండో గదికి దారితీశాడు. ఇన్‌స్పెక్టర్ వద్దనలేదు. అక్కడ మిషన్ సన్నగా గుర్రుమంటూ నడుస్తోంది. పైన రోగులకి ఇప్పుడు అదొక్కటే దిక్కు. ఎర్రపైపు మీద చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. నీలం మీద పెట్టాను, ఇంకా చల్లన, మంచుగడ్డలా ఉంది. "ఎర్రది బావినుంచి వచ్చేది. నీలం తిరిగి పోయేది. వెచ్చనిది వస్తుంది, చల్లనిది పోతుంది. రంగులు నేనే దగ్గరుండి వేయించాను" అన్నాడు.

"నీలం మూస్తే?"

"లోపల నీళ్ళు నిలబడిపోతాయి. మిషన్ వాటిలోంచి వేడి లాగుతూనే ఉంటుంది. గడ్డకడతాయి, ఉబ్బుతాయి, పలకలు పగులుతాయి. మిషన్ లోపలి గ్యాసు బయటికొస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. గాలికంటే బరువు కాబట్టి నేల మీద పరుచుకుంటుంది. నిలబడ్డవాడికి ఏమీ తెలీదు. ఏమైందో చూద్దామని కూర్చున్నవాడు ఇక లేవడు."

"ఎర్రది మూస్తే?"

"ఏమీ కాదు. లోపలున్న నీళ్ళు వాటి దారిన అవి రెండో బావిలోకి జారిపోతాయి. గడ్డకట్టడానికే ఏమీ ఉండదు. మిషన్ ఊరికే ఆగుతుంది."

ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టాడు. "వినండి వదినా. చంపాలంటే ఏది మూయాలో, ఆపాలంటే ఏది మూయాలో నోటితోనే చెప్పాడు. మూసింది నీలం."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అతని నోరు అతన్ని రోజూ ఏదో గోతిలో దింపుతూనే ఉంది.

నేను ఒకటో గదికి తిరిగొచ్చాను. నీలం వాల్వు చక్రానికి ఒక గుడ్డపీలిక కట్టి ఉంది. నూనెమరకలతో నల్లబడిన పాతగుడ్డ. రెండు ముళ్ళు వేసి, కొసని ముడిలోకి దోపి ఉంది.

"ఇదేమిటి?"

"మిషన్లుండే చోట మురికిగుడ్డలు కాక పట్టుబట్టలు ఉంటాయా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మురికిగుడ్డ నేల మీద పడుంటుంది. ఇది కట్టి ఉంది. మీరేనా కట్టింది?" అని ఫిట్టర్‌ని అడిగాను.

"నేను గుడ్డలు కట్టనమ్మా. రేకు బిళ్ళ తగిలిస్తాను. ఆ తీగ కూడా చూడండి. చివర్లు పళ్ళతో కొరికి ఒలిచాడు. నేను చచ్చినా ఇంత దరిద్రంగా పని చెయ్యను."

"కావాలనే దరిద్రంగా చేశావు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అబ్బాయ్, ఒక్క మాట చెప్పు. వాల్వుకి గుడ్డ ఎందుకు కడతారు? ఇది మూసి ఉంది, తెలియక తిప్పకండి అని తర్వాత వచ్చేవాడికి చెప్పడానికి. చంపాలని వచ్చినవాడు తర్వాత వచ్చేవాడికి గుర్తు పెట్టి పోతాడా?"

"గుడ్డముక్క పట్టుకుని కోర్టుకు పోతే జడ్జిగారు నాతో బల్ల తుడిపిస్తారు" అన్నాడు. గొంతు పెరిగింది. "మీకు ఇది కాలక్షేపం వదినా. నాకు ఉద్యోగం. అక్కడ ఒక మనిషి చావుబతుకుల్లో ఉన్నాడు. అతని భార్య నిన్నట్నుంచి ఆసుపత్రి బెంచీ మీద కూర్చుంది. ఎవడో ఒకణ్ణి చూపించాలి ఆవిడకి."

"ఎవడో ఒకణ్ణా, చేసినవాణ్ణా, ఇన్‌స్పెక్టర్ గారూ?"

నేను 'గారూ' అన్నానంటే ఆదివారం భోజనం లేదని అతనికి తెలుసు. అయినా తగ్గలేదు. "ఇప్పుడే తేలుస్తాను. రెండో గదిలో ఇదే నీలం వాల్వు వీడి చేతే మూయిస్తాను. కాపలా స్విచ్ మిషన్‌ని ఆపేస్తే, తీగ కట్టకుండా ఈ ఘోరం జరగదని నా కళ్ళతో చూసినట్టు. తీగ కట్టగలిగేది తెలిసినవాడే. తెలిసినవాడు వీడే."

"పది లెక్కపెట్టేలోపు ఆగిపోతుంది సార్. నా మిషన్" అన్నాడు ఫిట్టర్ గర్వంగా, తన మెడకు తనే ఉరి పేనుకుంటూ.

నాకు ఆ పరీక్షలో కొత్తగా తేలేదేమీ కనిపించలేదు. ఆగుతుంది, అంతే కదా. రెండో గదిలో ఆ చిన్న డబ్బా మూత తీసి చూడాలని మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. నా మనసంతా గుడ్డ మీదే ఉంది. వాళ్ళిద్దరినీ నడవాలో వదిలేసి పైకొచ్చాను.

మూసిన వాల్వుకి గుడ్డ కట్టే మనుషులు ఎక్కడుంటారు? ఊడ్చే ఆవిడని అడిగితే చీపురుతో పెరటివైపు చూపించింది. "బాయిలర్ పెద్దాయన. ఆ మిషన్లు రాకముందు కొలనుకి వేడి ఆయన చేతిలోనే ఉండేది. పడిపోయిన అబ్బాయికి మామగారే" అంది.

బాయిలర్ కొట్టు పెరట్లో చివర ఉంది. లోపల ఏనుగంత బాయిలర్ చల్లగా పడుకుని ఉంది. పెద్దాయన ముక్కాలిపీట మీద కూర్చుని, దాని ఇత్తడి మీటరుని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. ముల్లు సున్నా దగ్గరుంది. అయినా అద్దం తళతళలాడుతోంది.

మూసి ఉన్న ప్రతి వాల్వుకీ గుడ్డపీలిక ఉంది. రెండు ముళ్ళు, కొస లోపలికి.

కింద చూసిన ముడే. మామూలు మాటల్లోకి దిగాను. "ఆసుపత్రికి వెళ్ళలేదా పెద్దాయనా?"

"అమ్మాయుంది అక్కడ. నేను పోయి ఏం చేస్తాను తల్లీ" అన్నాడు. తుడవడం ఆపలేదు.

"బాయిలర్ బాగా మెరుస్తోంది."

"ఎల్లుండి కోసేస్తారు. ముక్కలు చేసి పాతసామానుకి వేస్తారట. కింద మిషన్లొచ్చాక ఇది ఎందుకని. ముప్పై ఏళ్ళు ఒక్కరోజు నాగా పెట్టలేదమ్మా ఇది. మనిషికైతే సన్మానం చేసేవాళ్ళు." మీటరు మీద ఊదాడు. "అవి ఒక్కరోజు మొరాయిస్తే తెలుస్తుంది దీని విలువ."

అన్నాక నా మొహంలోకి చూశాడు. నేను బాయిలర్ పైపుల వైపు చూస్తూ, అమాయకంగా అడిగాను. "నాకొకటి అర్థం కాలేదు. కింద పైపులకి ఎరుపూ నీలం రంగులు ఎందుకేశారు?"

"అందులో అర్థం కాకపోవడానికి ఏముంది? ఎక్కడైనా అంతే. నీలం చన్నీళ్ళు, లోపలికొచ్చేవి. ఎరుపు వేన్నీళ్ళు, బయటికి పోయేవి. దీనికి చూడు, అట్నుంచి చల్లనివి వస్తాయి, ఇట్నుంచి కాగినవి పోతాయి."

"బాయిలర్‌కి అంతే పెద్దాయనా. ఆ మిషన్‌కి తిరగేసి ఉంటుంది. బావి నీళ్ళు వచ్చేటప్పుడే వెచ్చన. వేడి పిండుకున్నాక చల్లబడి పోతాయి. ఎర్రది వచ్చేది. నీలం పోయేది."

గుడ్డ పట్టుకున్న చెయ్యి అద్దం మీదే ఆగిపోయింది.

"నీలం..." అన్నాడు.

"నీలం మూస్తే నీళ్ళు లోపల ఇరుక్కుని గడ్డకడతాయి. పెట్టె పగిలింది అందుకే."

ఆయన గుడ్డని మడతపెట్టి, మళ్ళీ విప్పాడు. నేను తొందరపెట్టలేదు. ఆ మొహం చూస్తే నా కుతూహలం మీద నాకే సిగ్గేసింది. కనిపెట్టినందుకు సంతోషించాల్సిన నిమిషం అది. సంతోషం మచ్చుకైనా లేదు.

"వచ్చే నీళ్ళు ఆపితే మిషన్ ఊరికే పడుకుంటుందనుకున్నాను. తెల్లారగట్ల, అది నడవని వేళ చూసి తిప్పాను. అల్లుడికి తెలియాలని గుడ్డ కట్టాను. వాడు చూసుకుని, డాక్టరమ్మతో చెప్పి, ఒక పూట బాయిలర్ వెలిగించమంటారని..." మాట తెగిపోయింది. మళ్ళీ పుంజుకుంది. "కాపలా ఉందిగా తల్లీ దానికి? నీళ్ళు ఆగితే దానంతటదే ఆగిపోతుందని అల్లుడే చెప్పాడు. ఆ ధైర్యంతోనే కదా చెయ్యి వేశాను."

"కాపలాకి ఎవరో తీగ కట్టి నోరు మూశారు. మీరు కాదా?"

"తీగా? నాకు కరెంటు పని ఏం తెలుసు? ముట్టుకుంటే భయం నాకు."

అది అబద్ధంలా లేదు. ఒక చెయ్యి వాల్వు మూసింది, ఇంకో చెయ్యి తీగ కట్టింది. మా మరిది రెండు చేతుల్నీ ఒకే భుజానికి అతికించాడు.

"ఆ కాపలా గురించి అల్లుడుగారు ఇంకేమైనా అన్నారా?"

"అస్తమానం విసుక్కునేవాడు. నీళ్ళలో సన్నటి మట్టి వస్తుందట. గంటకోసారి మిషన్ దానంతటదే ఆగిపోయేది. డబ్బా ఫిట్టర్ ఉన్నప్పుడు ఇలా ఆగేది కాదని డాక్టరమ్మ అంటే, ఆ పూట వాడికి అన్నం సహించేది కాదు. పోయిన వారం నవ్వుకుంటూ వచ్చాడు. మందు కనిపెట్టాను మామయ్యా, ఇక రెండూ నోరెత్తవు అన్నాడు."

"రెండూనా?"

"రెండూ అనే అన్నాడు తల్లీ. ఎందుకు?"

అప్పటికే పరిగెత్తుతున్నాను.

ఈ వయసులో, ఈ ఒంటితో నేను పరిగెత్తడం చూసి కొలను గట్టు మీది రోగులు వ్యాయామం ఆపేశారు. ఫోన్ చేస్తే నేలమాళిగలో మోగదు. మెట్లు రెండేసి చొప్పున దిగాను. వెనకాల పెద్దాయన ఆయాసం వినిపిస్తోంది. రెండో గది తలుపు వేసి ఉంది. లోపల్నుంచి ఫిట్టర్ గొంతు లెక్కపెడుతోంది.

"నలభై ఎనిమిది... నలభై తొమ్మిది..."

పది ఎప్పుడో దాటిపోయింది. తలుపు అద్దంలోంచి చూశాను. ఫిట్టర్ బేడీలతో నీలం వాల్వు పట్టుకుని నిలబడ్డాడు. నోరు లెక్కపెడుతోంది గానీ కళ్ళలో నమ్మకం లేదు. పలకల పెట్టె మీద తెల్లటి మంచు పాకుతోంది. మా మరిది దాన్ని దగ్గరగా చూద్దామని, నేల మీద గొంతుక్కూర్చుని టార్చిలైటు వేశాడు.

ఈ తలుపు పక్కనా ఉన్న మెయిన్ స్విచ్ కిందికి లాగాను. ఫ్యాను వేశాను. మిషన్ గుర్రుమనడం ఆగింది. హమ్మయ్య అనుకునేలోపు లోపల ఫట్‌మని చప్పుడు, వెంటనే పాము బుసకొట్టినట్టు ఒక ఈల.

తలుపు తెరిచి అరిచాను. "లే అబ్బాయ్. ఊపిరి బిగపట్టి లే. కూర్చోకు."

అతను నా వైపు చూశాడు. వదిన ఎందుకు అరుస్తోందో అర్థం కానట్టు చూశాడు. సగం లేచాడు. మోకాళ్ళు మడతపడి మళ్ళీ కూలబడ్డాడు.

మా అత్తగారి మొహం కళ్ళ ముందు కదిలింది. ఆవిడకి ఏమని చెప్పాలి?

ఫిట్టర్ తలుపుకి రెండడుగుల దూరంలో ఉన్నాడు. ఒక్క దూకు దూకితే బయటపడతాడు. అతను వెనక్కి తిరిగాడు. బుగ్గలు ఉబ్బించి ఊపిరి బిగపట్టాడు. వంగి, బేడీలు వేసిన రెండు చేతుల్నీ ఇన్‌స్పెక్టర్ తలమీదుగా దాటించి చంకల కింద తగిలించి, ఈడ్చుకుంటూ వచ్చేశాడు. గుమ్మంలో నేనో చెయ్యి వేశాను. పెద్దాయన కాళ్ళు పట్టుకున్నాడు. మెట్ల మీదుగా పైకి, గాలిలోకి తెచ్చి పడుకోబెట్టాం.

మా మరిది దగ్గాడు. ఆ దగ్గు వినడానికి ఎంత బాగుందో చెప్పలేను. కాసేపటికి లేచి గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

ఫిట్టర్ పక్కనే నేల మీద చతికిలబడి ఏడుస్తున్నాడు. "ఆగలేదమ్మా. యాభై దాకా లెక్కపెట్టాను, ఆగలేదు. నా మిషన్ అలాంటిది కాదు. ఎవడో దాని పీక నొక్కేశాడు."

"దీనికీ తీగ ఉంది" అన్నాను.

ఇన్‌స్పెక్టర్ ఫిట్టర్ని చూశాడు, బేడీల్ని చూశాడు. జేబు తడుముకుని తాళంచెవి తీశాడు. ఫిట్టర్ చేతుల్ని దగ్గరికి లాక్కున్నాడు.

"తీగ కట్టినవాడైతే ఆ గదిలో నిలబడి లెక్కపెట్టడు వదినా" అన్నాడు బేడీలు విప్పుతూ. "మరి ఎవరు?"

నేను జవాబు చెప్పబోయాను. అప్పుడే పెద్దాయన చొక్కా జేబులో ఫోన్ మోగింది. బాయిలర్ చప్పుడుకి చెవులు మందగించిన మనిషి కదా, ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతాడట. తీశాడు.

"నాన్నా, కళ్ళు తెరిచారు నాన్నా" అంది కూతురు. గొంతు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. "మాట్లాడుతున్నారు. మొట్టమొదట ఏమన్నారో తెలుసా? రెండో మిషన్ నడపొద్దని చెప్పమన్నారు. రెండింటికీ తనే తీగలు కట్టారట. నీళ్ళలో మట్టిని ఆపే జాలీలు విప్పి కడగాలని తెలీక, ఆగిపోతుంటే పని రాదంటారని భయపడి కట్టేశానని ఒకటే ఏడుపు. చెప్తావా నాన్నా అక్కడ?"

"చెప్తానమ్మా" అన్నాడు పెద్దాయన.

ఫిట్టర్ కళ్ళు తుడుచుకుని వింటున్నాడు. ప్రతి వారం ఆ జాలీలు తనే విప్పి కడిగేవాడు. పోతూ పోతూ ఆ ఒక్కమాట చెప్పి పోలేదు. దాని గురించి ఇప్పుడు డబ్బా కొట్టుకోలేదు.

"నాన్నా" అంది ఆ పిల్ల మళ్ళీ. ఈసారి గొంతు గట్టిపడింది. "తీగ సంగతి సరే. ఆ వాల్వు మూసిందెవడో దొరికాడా? నేను వాణ్ణి ఒక్కసారి చూడాలి నాన్నా. చూసి అడగాలి."

ఇన్‌స్పెక్టర్ నా మొహం చూశాడు. నేను నేలచూపులు చూశాను. ఆ పేరు నా నాలుక చివర ఉంది. నేను చెప్పకపోతే ఇంకెవరికీ తెలియదని పెద్దాయనకి తెలుసు. నా వైపు ఒకసారి చూశాడు. చెప్పొద్దని అడగలేదు. ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని నోటికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"దొరికాడమ్మా" అన్నాడు. "నేనే."

"ఏంటి నాన్నా? సరిగ్గా వినపడలేదు" అంది కూతురు.

ఆయన ఫోన్‌ని నా చేతిలో పెట్టాడు.